కారు బ్యాటరీ నుంచి గ్రిడ్‌కు కరెంటు: ఎవరైనా పంపి చూశారా?

మియాపూర్ వాసి:
నా కారులో 40 యూనిట్ల బ్యాటరీ ఉంది, ఆఫీసుకు రోజూ ఐదారు యూనిట్లకు మించి ఖర్చు కాదు. గత వేసవిలో గాలివానకు కరెంటు పోయిన రాత్రి కారుకే వైరు తగిలించి ఫ్రిజ్, రెండు ఫ్యాన్లు తెల్లవార్లూ నడిపించాను. మిగిలే కరెంటును సాయంత్రం డిస్కంకు (కరెంటు పంపిణీ సంస్థకు) అమ్ముకోవచ్చా? ఏ మీటరు పెట్టించాలి?

పాత సబ్‌స్టేషన్:
ముప్పై నాలుగేళ్లు సబ్‌స్టేషన్లలో పనిచేసినవాడిగా చెబుతున్నాను. ఫ్యాను తిప్పడం వేరు, గ్రిడ్‌లోకి పంపడం వేరు. లైన్‌మన్ ఎల్‌సీ (లైను ఆపించి పనిచేసే అనుమతి) తీసుకొని స్తంభమెక్కిన వేళ మీ ఇంటి నుంచి వెనక్కి కరెంటు వస్తే అతని ప్రాణమే పోతుంది. సరఫరా ఆగిన క్షణంలో తనంతట తానే విడిపోయే ఇన్వర్టరు లేకుండా ఈ మాట ఎత్తవద్దు. పైగా కలిసిన గ్రిడ్‌లో ఒకచోటి లోపం అంతటికీ పాకుతుంది. 2012 జూలై 30, 31 తేదీలలో ఉత్తర భారతం చీకటైనప్పుడు మనకు దీపాలు వెలిగాయంటే దక్షిణ గ్రిడ్ అప్పటికింకా విడిగా ఉండడమే కారణం. 2013 డిసెంబర్ 31న రాయచూరు–షోలాపూర్ లైనుతో ఆ ఎడం పోయింది.

సెల్‌శోధిని:
బ్యాటరీ అరుగుదల మాట ఒక్కరూ ఎత్తరేం? మా బ్యాటరీ నాలుగో ఏటికే నీరసించింది, వారంటీ కోసం తిరిగి చెప్పులరిగాయి. రోజూ గరిష్ఠ వేగంతో కరెంటును వెనక్కి లాగితే సెల్ ఆయుష్షు తగ్గుతుందని హవాయి పరిశోధకులు 2017లోనే చెప్పారు.

కోవెంట్రీ లీఫ్:
అమ్మా, అదే ఏడు ఇక్కడి వార్విక్ విశ్వవిద్యాలయం వాళ్లు దానికి విరుద్ధంగా తేల్చారు. నిండా ఎక్కించి ఊరికే నిలబెట్టినా సెల్ ముసలిదవుతుంది, కొలత ప్రకారం దించితే మేలే జరుగుతుంది. సగం చదివి జనాన్ని భయపెట్టకండి.

సెల్‌శోధిని:
సగం చదివినది నేను కాదు. ఆ హవాయి, వార్విక్ పరిశోధకులే 2018లో కలిసి మరో వ్యాసం రాశారు, అది చూశారా? బ్యాటరీ స్థితిని లెక్కలోకి తీసుకుని నడిపితేనే లాభమని, గుడ్డిగా లాగితే నష్టమని అందులో ఉంది. మన దగ్గర ఆ లెక్క ఎవరు కడతారు, డిస్కమా, షోరూమా?

కాన్‌బెర్రా వాసి:
గొడవ ఆపి జరిగినది వినండి. 2024 ఫిబ్రవరి 13న ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రంలో తుపానుకు లైన్లు కూలినప్పుడు, ఇక్కడ కాన్‌బెర్రాలో కార్ల నుంచి గ్రిడ్‌కు కరెంటు పంపే ప్రయోగంలోని 51 నిస్సాన్ లీఫ్ కార్లలో ప్లగ్‌లో ఉన్న 16 కార్లు తమంతట తామే 107 కిలోవాట్లు గ్రిడ్‌కు పంపాయి. పది నిమిషాలు గడిచాక అవే కార్లు మళ్లీ ఛార్జింగ్ మొదలుపెట్టాయని పరిశోధకులే చెప్పారు. ఆపద వేళ కార్లు ఛార్జింగ్ ఆపేసినా గ్రిడ్‌కు సగం సాయం చేసినట్టేనన్నది నా అభిప్రాయం, దానికి బ్యాటరీ అరగదు.

కోవెంట్రీ లీఫ్:
ధరల్లో తేడా లేకపోతే ఎవరు ఆపుతారండీ? 2023 కేంద్ర నియమాల ప్రకారం పగటి ఎండవేళ ధర మామూలు కంటే కనీసం 20 శాతం తక్కువ, రద్దీవేళ ఇళ్లకు కనీసం 10 శాతం ఎక్కువ ఉండాలి. ఎక్కించి దించడంలో పోయేది పోగా మిగిలేది ఛార్జరు ఖరీదు ముందు చిల్లరే.

మియాపూర్ వాసి:
మీటరు సంగతి ఎవరూ చెప్పలేదు, సరే. నిన్న మా అసోసియేషన్ సమావేశంలో పార్కింగ్‌లో 15 ఆంపియర్ల సాకెట్ అడిగితే లిఫ్టు కాలిపోతుందన్నారు. సబ్‌స్టేషన్ గారూ, ఒక్కసారి వచ్చి మా సెక్రటరీతో మాట్లాడగలరా?