పాత టెంపో ట్రావెలర్ కారవాన్ బాగుచేయడం: పని ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలి?

చంపావతి_ఒడ్డు (విజయనగరం)

అందరికీ నమస్కారం. ఎప్పుడో కారవాన్‌గా మార్పించిన 2011 మోడల్ టెంపో ట్రావెలర్ తీసుకున్నాను. తెల్ల ప్లేటు బండి. ఇంజను, గేరుబాక్సు బాగున్నాయని మెకానిక్ చెప్పాడు. లోపలి సంగతే బాగోలేదు. వెనక ఎడమ మూల కప్పు నుంచి వాన నీరు కారుతోంది, మంచం దగ్గర నేల ప్లైవుడ్ అడుగేస్తే దిగబడుతోంది, రెండు ట్యూబులర్ బ్యాటరీలూ ఉబ్బిపోయాయి, ఏ వైరు ఎటు పోతోందో తెలియడం లేదు. ఆర్సీలో ఇంకా 12+1 సీట్లే ఉన్నాయి.

ఇలాంటి పని నాకు ఇదే మొదలు. వెల్డింగు బయట చేయించి మిగతాది ఇంటి దగ్గరే చేసుకుందామని ఉంది. మేమిద్దరం, ఒక పాప. తిరిగేది అరకు, కళింగపట్నం, బారువ, సాలూరు ఘాటు ఎక్కి కోరాపుట్ వరకు. చిన్న ఫ్రిజ్, రెండు ఫ్యాన్లు, లైట్లు సోలార్ మీద నడిస్తే చాలు. దేని తర్వాత ఏది చేయాలో చెప్పగలరు.

నాగావళి_గేరేజ్ (శ్రీకాకుళం)

చంపావతి గారూ, కాయితాల సంగతి ముందు తేల్చుకోండి. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం బండి రూపు మారిస్తే ఆర్సీలో ఎక్కాలి. సీట్లు తీసి మంచం వేసిన బండి ఆర్సీలో 12+1గానే ఉంటే, రేపు ఏదైనా జరిగినప్పుడు ఇన్సూరెన్సు దగ్గరే పేచీ వస్తుంది. సొంత వాడకపు క్యాంపర్ వ్యాన్ నాన్ ట్రాన్స్‌పోర్ట్ కోవలోకి వస్తుంది. మోటారు కారవాన్లకు ఏఐఎస్ 124 అని ప్రమాణం కూడా ఉంది. బండి 2011ది కాబట్టి 15 ఏళ్ల రెన్యువల్‌కి ఎలాగూ చూపించాలి. లోపలి ప్లాను గీసుకుని పని మొదలెట్టకముందే ఆర్టీవో ఆఫీసులో అడగండి. కట్టీసాక అడిగితే మళ్లీ విప్పాల్సి రావచ్చు.

ఇక బండి. సీలింగు ప్యానెళ్లు, మంచం, నేల ప్లైవుడ్ అన్నీ విప్పీసి రేకు కనబడేదాకా రండి. అప్పటిదాకా కొత్త సామాను ఏదీ కొనొద్దు. నీరు కారిన చోటే కన్నం ఉంటుందనుకోకండి. కప్పు రిబ్బుల వెంట నాలుగైదు అడుగులు పాకి ఎక్కడో కారుతుంది. లోపల ఒకరు టార్చితో కూర్చుంటే బయట ఒకరు పైపుతో నీళ్లు పట్టాలి. కింది జాయింటుతో మొదలెట్టి పైకి వెళ్లాలి, ఒక్కో చోట పది నిమిషాలు. పైనుంచి మొదలెడితే నీరు అన్ని జాయింట్ల మీదుగా దిగి లీకు ఏదో తేలదు. కప్పు మీది క్యారియర్ బోల్టులు, తర్వాత కోసి పెట్టిన కిటికీలు, వెంట్ ఫ్యాన్ అంచు, వాన నీటి గట్టర్ కింద అతుకు, వీటిని ముందు అనుమానించండి.

కారిన ప్రతిసారీ పాత సిలికాన్ మీదే కొత్త సిలికాన్ పూస్తుంటారు. సిలికాన్ మీద పెయింటు గాని, మరో సీలెంట్ గాని పట్టదు. పుల్లటి వాసన వచ్చే రకమైతే ఆరేటప్పుడు ఆమ్లం విడిచి రేకును తింటుంది కూడా. బ్లేడుతో మొత్తం గీకి, థిన్నరుతో తుడిచి, అప్పుడు సికాఫ్లెక్స్ 221 లాంటి పాలీయూరిథేన్ సీలెంట్ పెట్టండి. 310 మి.లీ. ట్యూబుతో 6 మి.మీ. లావు తీగ సుమారు పది మీటర్లు వస్తుంది. అది గాలిలోని తేమతోనే గట్టిపడుతుంది, రోజుకు దాదాపు 3 మి.మీ. లోతు. కాబట్టి మన వైపు ఉక్కగాలితో ఇబ్బంది లేదు, రేకు మాత్రం పొడిగా ఉండాలి. కిటికీ ఫ్రేముల కింద బ్యూటైల్ టేపు వేయండి, రేపు ఎప్పుడైనా విప్పాల్సి వస్తే సుఖంగా వస్తుంది.

తుప్పును సుత్తి పిడితో తట్టి చూడండి. గట్టిగా మోగితే పైపై తుప్పే. గ్రైండరుకి వైరు కప్పు బ్రష్ తగిలించి రేకు మెరిసేదాకా తీసి, సందుల్లో మిగిలినదానికి ఫాస్ఫారిక్ ఆమ్లం ఉన్న రస్ట్ కన్వర్టర్ రాసి, ఆరాక ఎపాక్సీ ప్రైమర్ రెండు కోట్లు వేస్తే సరిపోతుంది. మెత్తగా దిగబడితే ఆ ముక్క కోసీసి 18 గేజి రేకు వెల్డు చేయించండి. కన్నం మీద పుట్టీ పెట్టారంటే దాని వెనక చెమ్మ నిలుస్తుంది, ఆర్నెల్లలో రెండింతల కన్నం అవుతుంది. వెల్డింగుకి ముందు బ్యాటరీ నెగటివ్, ఆల్టర్నేటర్ (ఇంజనుతో తిరిగి కరెంటు పుట్టించేది) వైర్లు తప్పకుండా విప్పించండి. అక్కడి ఫోము, ప్లైవుడ్ కూడా తీసెయ్యాలి, రేకు వెనక అంటుకున్న నిప్పు వెంటనే కనబడదు.

సెప్టెంబరు దాటకుండా కప్పు పని ముగించండి. హుద్‌హుద్, తిత్లీ తుపాన్లు రెండూ అక్టోబరులోనే వచ్చాయి.

వంశధార_వోల్ట్ (నరసన్నపేట)

కరెంటు సంగతి నేను చెప్తాను. పాత వైరింగు బాగుచేయొద్దు. లైట్లు, స్టార్టరు లాంటి బండి సొంత వైరింగు ముట్టుకోకుండా, ఇంటి భాగం వైర్లన్నీ పీకీసి కొత్తగా వెయ్యండి.

ముందు లెక్క. 50 లీటర్ల 12 వోల్టుల కంప్రెసర్ ఫ్రిజ్ మన ఎండకి రోజులో సగం సేపు తిరుగుతుందనుకుందాం, 50 వాట్ల చొప్పున 600 వాట్ అవర్లు. 15 వాట్ల ఫ్యాన్లు రెండు పది గంటలకి 300. లైట్లు 100, ఫోన్లూ లాప్‌టాప్ 120, నీళ్ల పంపు 15. మొత్తం 1,135.

12.8 వోల్టుల 200 ఏహెచ్ (ఆంపియర్ అవర్ల) లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీలో 2,560 ఉంటుంది, 80 శాతం వాడుకుంటే 2,050. మబ్బు పట్టినా దాదాపు రెండు రోజులు నడుస్తుంది. ట్యూబులర్ 150 ఏహెచ్‌లో సగమే, అంటే 900 వాడుకోవాలి. పైగా ఒక్కోటి 50 కిలోలు దాటుతుంది. ఇంట్లో సరేగాని బండిలో వద్దు.

సోలార్ 400 వాట్లు: 4.5 గంటల ఎండ, 0.7 నష్టాల గుణకం పెడితే రోజుకు 1,260. వానాకాలంలో ఇందులో సగం కూడా రాదు, అందుకే ఆల్టర్నేటర్ నుంచి 30 ఆంపియర్ల డీసీ టు డీసీ చార్జరు (బండి కరెంటుని అదుపులో పెట్టి ఇంటి బ్యాటరీకి ఇచ్చేది) కావాలి. మూడు గంటల ప్రయాణంలో 1,100 దాకా నింపుతుంది. ఖర్చు తగ్గుతుందని రిలేతో నేరుగా కలిపేవాళ్లున్నారు. లిథియం ఆల్టర్నేటర్ని ఎంత ఇవ్వగలిగితే అంతా లాగుతుంది, అది వేడెక్కి వైండింగు కాలిపోతుంది.

ప్యానెళ్ల కింద 40 మి.మీ. గాలి సందు వదలండి. కప్పుకి అతికిస్తే వేడికే కొంత కరెంటు పోతుంది. ప్యానెళ్ల నుంచి బ్యాటరీకి చార్జింగు చూసుకునే కంట్రోలరు 40 ఆంపియర్ల ఎంపీపీటీ రకం.

ఫ్రిజ్ స్టార్ట్ కావడం లేదంటే చాలాసార్లు తప్పు ఫ్రిజ్‌ది కాదు, సన్న వైరుది. ఐదు మీటర్ల దూరానికి 1.5 చదరపు మి.మీ. వైరు వేస్తే 5 ఆంపియర్లకి 0.58 వోల్టు పడిపోతుంది. కంప్రెసర్ లేచేటప్పుడు ఇంకా ఎక్కువ పడి, లో వోల్టేజ్ కట్ పనిచేస్తుంది. 4 చదరపు మి.మీ. వేస్తే 0.22 మాత్రమే. 1,000 వాట్ల ఇన్వర్టరు దాదాపు 100 ఆంపియర్లు లాగుతుంది, దానికి 35 చదరపు మి.మీ. కేబుల్, 125 ఆంపియర్ల ఫ్యూజు. మెయిన్ ఫ్యూజు క్లాస్ టి రకం, బ్యాటరీ పాజిటివ్‌కి జానెడు దూరం లోపే ఉండాలి. ఫ్యూజు కాపాడేది వైరుని, సామానుని కాదు. అందుకే దాని సైజు వైరుని బట్టి పెట్టాలి.

బీచి వైపు తిరుగుతారు గనుక కళాయి పూసిన రాగి వైరు తీసుకోండి. మామూలు రాగి ఉప్పుగాలికి లగ్గు (వైరు చివర బిగించే లోహపు తొడుగు) లోపలే పచ్చగా చిలుము పడుతుంది. లగ్గులు క్రింపర్‌తో నొక్కాలి. టంకం పెడితే అది ఆగిన చోట తీగ బిరుసెక్కి, కుదుపులకి విరుగుతుంది.

చంపావతి_ఒడ్డు

ఇద్దరికీ చాలా ధన్యవాదాలు. ఇంకో రెండు సంగతులు. లోపలంతా 18 మి.మీ. ప్లైవుడ్‌తో చేద్దామని, గోడల్లో గ్లాస్ ఊల్ నింపుదామని కార్పెంటరు అంటున్నాడు. ఇంట్లో ఏసీ కూడా కావాలంటున్నారు.

గోస్తనీ_మలుపు (శృంగవరపుకోట)

18 మి.మీ. వద్దండీ. 8×4 షీటు ఒక్కోటి 35 కిలోలు. 12 మి.మీ. అయితే 23. పది షీట్లకు 120 కిలోలు తేడా, అంటే నిండు నీళ్ల ట్యాంకు కన్నా ఎక్కువ. నేలకి, మంచం ఫ్రేముకి 12, తలుపులకి 9 చాలు. షీటు మీద ఐఎస్ 710 ముద్ర (నీటికి తట్టుకునే మెరైన్ ప్లైవుడ్) చూసి తీసుకోండి. కోసిన ప్రతి అంచుకీ, ప్రతి స్క్రూ కన్నానికీ ఎపాక్సీ గాని పీయూ వార్నిష్ గాని పట్టించాలి. నేల ప్లైవుడ్ కుళ్లేది అంచుల నుంచే.

గ్లాస్ ఊల్ మన తీరానికి పనికిరాదు. చెమ్మ పీల్చి రేకుకి ఆనుకునే ఉంటుంది, నాగావళి గారు చెప్పిన తుప్పు మళ్లీ లోపలినుంచి మొదలవుతుంది. మూసిన కణాల నైట్రైల్ రబ్బరు గాని, క్రాస్ లింక్డ్ ఫోము గాని కప్పుకి 25 మి.మీ., గోడలకి 13, ఖాళీ లేకుండా అతికించండి. తలుపుల అడుగున నీరు పోయే కన్నాలు మాత్రం మూయకండి. కప్పు బయట తెల్ల పెయింటు వేయండి, ఎండకి తేడా మీకే తెలుస్తుంది.

ఏసీ చిన్నదైనా గంటకు 700, 800 వాట్ అవర్లు తింటుంది. మీ బ్యాటరీ మొత్తం దానికే ఇచ్చినా మూడు గంటలు రాదు. బయటి కరెంటు దొరికే చోటే వాడతామనుకుంటే పెట్టుకోండి, 30 మిల్లీఆంపియర్ల ఆర్సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే ఆపేసే స్విచ్చి), సరైన ఎర్తు తప్పనిసరి. లేదంటే కప్పుకి వేడి గాలి బయటికి లాగే వెంట్ ఫ్యాన్, ఎదురు కిటికీకి దోమతెర పెట్టుకోండి.

పాప సీటు ముందుకు చూసేలా ఉండాలి. మూడు పాయింట్ల బెల్టు సీటు ఫ్రేముని ఛాసిస్‌కి బోల్టు చేయించండి, ప్లైవుడ్‌కి బిగించిన సీటు గట్టి బ్రేకుకే ఊడొస్తుంది. గ్యాసు పొయ్యి పెడితే సిలిండరుకి విడి పెట్టె కావాలి, దాని అడుగున బయటికి కన్నం ఉండాలి. గ్యాసు గాలి కన్నా బరువు, కిందికే దిగుతుంది.

అన్నీ బిగించాక నీళ్లు, డీజిలు నింపి, మీరంతా ఎక్కి, రైస్ మిల్లు కాటా మీద ముందు చక్రాలు ఒకసారి, వెనక చక్రాలు ఒకసారి తూయించండి. రెండూ కలిపి ఆర్సీలోని లాడెన్ వెయిట్ (సామానుతో సహా అనుమతించిన మొత్తం బరువు) దాటకూడదు. ఎడమ చక్రాలు, కుడి చక్రాలు కూడా విడిగా తూయించి, తేడా ఉంటే బ్యాటరీని అటో ఇటో జరపండి. టైరు పక్కన చివరి నాలుగంకెల్లో తయారైన వారం, సంవత్సరం ఉంటాయి, ఆరేళ్లు దాటితే అరగకపోయినా మార్చండి. బ్రేకు ఆయిలు ఎప్పుడు మార్చారో తెలియదు కనుక సాలూరు ఘాటు ఎక్కేముందు మార్పించండి. అది తేమ పీలుస్తుంది. దిగుడులో డ్రమ్ములు కాలితే ఆ తేమ ఆవిరై పెడలు నేలకి తగులుతుంది. ఏ గేరులో ఎక్కారో ఆ గేరులోనే దిగండి.