మెదడు కేశనాళికల్లో ఎంజైమ్ కనిపిస్తే రక్షణ గోడ కట్టినట్టేనా?

సమీర: పిండదశ మెదడు ముక్కలకు ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ అనే ఎంజైమ్ ఎక్కడుందో చూపే స్టెయిన్ (రంగు) వేస్తే సన్నటి కేశనాళికలు కూడా నీలం గీతల్లా బయటపడతాయి. ఆ రంగు మొదట కనిపించిన దశలోనే రక్త-మెదడు అవరోధం (రక్తంలోని పదార్థాలు ఇష్టమొచ్చినట్టు మెదడులోకి పోకుండా ఆపే గోడ) ఏర్పడిందని కొందరి వాదన. నాకైతే నమ్మకం కుదరట్లేదు. మీరేమంటారు?

కణమిత్ర: ఏర్పడిందనే అంటాను. 1981లో స్టీవర్ట్, వైలీ అనే పరిశోధకులు ఇంకా రక్తనాళాలు పుట్టని క్వెయిల్ (కంజు పిట్ట) మెదడు కణజాలాన్ని కోడి పిండం ఉదర కుహరంలో నాటారు. అందులోకి చొచ్చుకెళ్లిన కోడి రక్తనాళాలు రక్తంలోకి ఎక్కించిన రంగును బయటికి పోనివ్వలేదు, ఎంజైమ్ గుర్తులూ చూపించాయి. రెండూ కలిసే వచ్చాయి కదా!

నాడీశోధిని: కలిసి వచ్చినంత మాత్రాన రెండూ ఒకటే అయిపోవు, కణమిత్ర గారూ. ఇదే ఎంజైమ్ ఎముకలో, కాలేయంలో, పేగులో దండిగా ఉంటుంది. అక్కడ ఇలాంటి గోడ లేదే! స్టెయిన్ చెప్పేది ఎంజైమ్ పనిచేస్తోందని మాత్రమే, లీకు ఆగిందని కాదు. లీకు ఆపేది టైట్ జంక్షన్లు, అంటే పక్కపక్క కణాలను బిగించే అతుకులు. దానితోపాటు కణం లోపలి నుంచి బుడగల్లో సాగే రవాణా తగ్గాలి. 1967లో రీస్, కార్నోవ్‌స్కీ పెరాక్సిడేజ్‌ను ట్రేసర్‌గా (లీకు జాడ చూపే పదార్థంగా) రక్తంలోకి ఎక్కించి, అది కణాల మధ్య జంక్షన్ల దగ్గర ఆగిపోవడం ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్‌లో చూశారు. అదీ రుజువంటే.

ఇంకో చిక్కుంది. గామా గ్లుటమైల్ ట్రాన్స్‌పెప్టిడేజ్ అనే మరో ఎంజైమ్‌ను కూడా ఈ గోడకు గుర్తుగా వాడతారు. అది కేశనాళికలను బయటి నుంచి చుట్టుకునే పెరిసైట్ కణాల్లోనూ ఉంటుంది. రంగు ఏ కణానిదో తేల్చకుండా కేశనాళిక గోడగా ఉండే ఎండోథీలియల్ కణాల ఖాతాలో వేసేస్తే ఎలా?

కణమిత్ర: ఒప్పుకుంటాను. కానీ ఎంజైమ్‌ను ఉత్త గుర్తుగా చూడటం అన్యాయం. పార్కిన్సన్ వ్యాధికి వాడే లీవోడోపా మందు, పదార్థాలను కణంలోకి చేరవేసే ట్రాన్స్‌పోర్టర్ ప్రొటీన్‌ను పట్టుకుని గోడ కణంలోకి వస్తే, అక్కడి డీకార్బాక్సిలేజ్ ఎంజైమ్ దానిలో కొంత భాగాన్ని డోపమైన్‌గా మారుస్తుంది. మోనోఅమీన్ ఆక్సిడేజ్ అనే ఇంకో ఎంజైమ్ ఆ డోపమైన్‌ను విరిచేస్తుంది. జంక్షన్లు ఎంత బిగుతుగా ఉన్నా ఈ పని చేయలేవు. ఇక్కడ ఎంజైమే గోడ.

నాడీశోధిని: ఇది మంచి పాయింట్. అయితే ఆ ఎంజైమ్ గోడ ఎప్పుడు మొదలైందో విడిగా కొలవాలి. సమీర గారూ, ఒకే పిండంలో ట్రేసర్ ఎక్కించి, పక్కపక్క ముక్కల్లో ఒకదానికి ట్రేసర్, ఇంకోదానికి ఎంజైమ్ స్టెయిన్ చూడండి. ట్రేసర్ తక్కువ పరిమాణంలో, నెమ్మదిగా ఎక్కించాలి. పిండం రక్తనాళాలు ఒత్తిడికి చిట్లిపోతే లేని లీకు కనిపిస్తుంది. ఫిక్సేషన్ (కణజాలం చెడకుండా రసాయనాలతో నిలపడం) ఎక్కువైతే ఎంజైమ్ చచ్చిపోతుంది, ఉన్నది లేనట్టు కనిపిస్తుంది.