వయోమింగ్ రాతి చేపను వెనిగర్‌లో నానబెట్టవచ్చా?

ప్రశ్న

నమస్కారమండి. మేము డెన్వర్ దగ్గర ఉంటాం. పోయిన నెల పిల్లలతో వయోమింగ్‌లోని కెమ్మరర్ వెళ్ళి, డబ్బు కడితే మన చేత్తోనే రాళ్ళు చీల్చుకోనిచ్చే ఒక క్వారీలో పూటంతా గడిపాం. అరచేయంత చేప శిలాజం ఉన్న పలక దొరికింది. తల, వెన్నెముక స్పష్టంగా ఉన్నాయి. పొట్ట వెనుక నుంచి తోక దాకా మాత్రం లేత పసుపు రాతి పొర కప్పేసి ఉంది. అక్కడివారు చూసి ‘నైటియా అనే చేప కావచ్చు’ అన్నారు. స్నేహితుడు ఒకరు, రాత్రంతా వెనిగర్‌లో ఉంచితే పైపొర కరిగిపోతుందనీ, తర్వాత వార్నిష్ వేస్తే మెరుస్తుందనీ చెప్పారు. చేయవచ్చా?

మా తొమ్మిదేళ్ళ అమ్మాయి సందేహం ఇంకొకటి: ఒక్క ముల్లు కూడా చెదరకుండా చేప రాయిలో ఎలా మిగిలింది? పెద్ద చేపలు దాన్ని ఎందుకు తినలేదు?

మొదటి జవాబు

వెనిగర్ వద్దండి, దయచేసి వద్దు. ఆ రాయి సున్నపు పొరలతో ఏర్పడింది. ఆమ్లం పైపొరతో ఆగదు, ముళ్ళ కింద ఆధారంగా ఉన్న రాయినీ తినేస్తుంది. సన్నని పక్కటెముకలు ఊడి గిన్నె అడుగున చేరతాయి. నీళ్ళలో నానబెట్టినా పలక అంచులు పేజీల్లా విడిపోవచ్చు. తడి ఉంటే నీడలో, చదునైన చోట పడుకోబెట్టి నెమ్మదిగా ఆరనివ్వండి.

రెండో జవాబు

పై సలహాతో పూర్తిగా ఏకీభవిస్తున్నాను. నేను పదేళ్ళుగా ఈ పలకలు శుభ్రం చేస్తున్నాను కాబట్టి పద్ధతి చెబుతాను.

కావలసినవి గట్టి సూది, దాన్ని పట్టుకునే పిడి, మెత్తని కుంచె, భూతద్దం, పక్క నుంచి ఏటవాలుగా పడే దీపం. సూదిని నిలువుగా పొడవకండి. దాదాపు పడుకోబెట్టి, గోరుతో ఎండిన పిండి గీకినట్టు కొద్దికొద్దిగా పొర లేపండి. చేప ఉన్నచోట రాయి చిన్న గట్టులా ఉబ్బి ఉంటుంది, ఏటవాలు వెలుగులో అది తెలిసిపోతుంది. రాయి లేత రంగు, ఎముక గోధుమ రంగు. రంగు మారడం కనిపించగానే చేయి ఆపి, కుంచెతో ఊడ్చి, మళ్ళీ చూడండి. రోజుకు అరగంట చాలు, అలసిన చేతితోనే ముళ్ళు విరుగుతాయి. ముక్కుకు గుడ్డ కట్టుకోండి, ధూళి సన్నగా లేస్తుంది.

వార్నిష్ పసుపెక్కుతుంది, తర్వాత తీయడం కష్టం. ఎముక పొడిపొడిగా రాలుతుంటే మాత్రం పారలాయిడ్ బి-72 అనే రెసిన్‌ను అసిటోన్‌లో బాగా పల్చగా కలిపి, గాలి ఆడే చోట కుంచెతో తాకించండి. మ్యూజియాల్లో వాడేది ఇదే. అవసరమైతే మళ్ళీ అసిటోన్‌తో తీసేయవచ్చు.

వీటన్నిటికంటే ముందు చేయవలసిన పని ఒకటుంది. క్వారీ పేరు, తేదీ, ఏ పొరలో దొరికిందో పలక వెనుక పెన్సిల్‌తో రాయండి. అక్కడ ‘పద్దెనిమిది అంగుళాల పొర’ అని ఒకటి, చేప మీదుగానే రెండుగా చీలే పొర మరొకటి ఉన్నాయి. ఆ వివరం పోతే అది అందమైన రాయిగానే మిగులుతుంది. ఈ మాట చాలామందికి చెబుతాను, విన్నవారు తక్కువ, అందుకే గట్టిగా చెబుతున్నాను.

ఇక పేరు. నైటియా హెర్రింగ్ చేపల వర్గానిది, మన పులస, కవళ్ళు కూడా ఆ వర్గానివే. పులస పొట్ట అంచు మీద తోక నుంచి తల వైపు వేలు రాస్తే రంపంలా తగులుతుంది కదా, ఆ పదునైన పొలుసులు నైటియాకూ ఉన్నాయి. 1987 నుంచి అది వయోమింగ్ రాష్ట్ర శిలాజం. అయితే అది బతికిన ఆనాటి సరస్సులోనే డిప్లోమిస్టస్ అనే దూరపు బంధువు కూడా ఉండేది. పిల్ల డిప్లోమిస్టస్‌ను నైటియా అనుకోవడం మామూలే. తేడా రెండు చోట్ల చూడండి. డిప్లోమిస్టస్ నోరు పైకి తిరిగి ఉంటుంది. పొట్ట వెనుక ఉండే కింది రెక్క పొడవుగా తోక దగ్గరి దాకా సాగుతుంది. నైటియాలో ఆ రెక్క పొట్టి. మీ పలకలో ఆ భాగమే కప్పబడి ఉంది, కాబట్టి సూది పని అయ్యేదాకా పేరు ఖాయం చేయకండి.

మూడో జవాబు

అమ్మాయి ప్రశ్న నాకు చాలా నచ్చింది. ఆ చేప బతికినది సుమారు 5.2 కోట్ల సంవత్సరాల కిందట, ఇప్పుడు ఫాసిల్ లేక్ అని పిలిచే సరస్సులో. నేడు చలిగాలి వీచే ఆ బీడు గుట్టల చోట అప్పుడు తాటి జాతి చెట్లు, మొసళ్ళు ఉండేవి. సరస్సు నడిమి లోతుల్లో అడుగున ప్రాణవాయువు బాగా తక్కువ. బురదను కెలికే పురుగులు, కళేబరాలు పీక్కుతినే జీవులు అక్కడ బతకలేకపోయాయి. నీటి నుంచి సున్నం సన్నని పొడిలా దిగుతూ చేపను కప్పేసింది. పలకను అంచు వైపు నుంచి చూపించండి, కాగితాల కట్టలా పొరలు కనిపిస్తాయి. ఎవరూ కెలకలేదనడానికి అదే సాక్ష్యం.

కొన్ని పలకల మీద వందలాది నైటియాలు ఒకేసారి చచ్చి పడి ఉంటాయి. ప్రాణవాయువు హఠాత్తుగా పడిపోవడం ముఖ్యమైన అనుమానాల్లో ఒకటి. మబ్బు పట్టిన వేకువన భీమవరం వైపు చెరువుల్లో చేపలు నోళ్ళు తెరుచుకుని పైకి తేలడం చూసిన రైతులకు ఇది వింత కాదు.

పెద్ద చేపలు తినలేదా అంటే, తిన్నాయి! గొంతులో చిన్న చేప ఇరుక్కుని అలాగే చచ్చిన డిప్లోమిస్టస్‌లు దొరికాయి. కెమ్మరర్ పక్కనే ఉన్న ఫాసిల్ బ్యూట్ జాతీయ స్మారక కేంద్రానికి ఈసారి వెళ్ళండి. అక్కడి నుంచి రాయి ముక్క కూడా తీసుకోకూడదు, చూడడమే.

నాలుగో జవాబు

మన వైపు కూడా ఇలాంటివి ఉన్నాయా అని ఎవరైనా అడుగుతారేమోనని రాస్తున్నాను. ఉన్నాయి, ఇంకా చాలా పాతవి. ప్రాణహిత-గోదావరి లోయలో ‘కోట’ అని పేరున్న రాతి పొరల సున్నపురాళ్ళలో జురాసిక్ కాలపు చేపలు దొరికాయి. లెపిడోటిస్ డెక్కనెన్సిస్ అనే చేపను 1851లోనే వర్ణించారు. దాని పొలుసులు పలుచనివి కావు, డైమండు ఆకారంలో మందంగా, ఎనామిల్ పూసినట్టు మెరుస్తూ ఉంటాయి. సీలకాంత్ అనే ప్రాచీన చేపల వర్గానిది ఒకటి, ఇండోసీలకాంథస్, కూడా ఆ పొరల్లోదే. హైదరాబాద్ బిర్లా సైన్స్ మ్యూజియంలో నిలబెట్టిన కోటసారస్ డైనోసార్ కోట పొరలదే. దాన్ని చూసి వచ్చేవారు ఈ చేపల పేరైనా వినకపోవడం నాకు బాధగా ఉంటుంది.

ప్రశ్న అడిగినవారు, పన్నెండు రోజుల తర్వాత

అందరికీ కృతజ్ఞతలు. వెనిగర్ జోలికి పోలేదు. రోజూ రాత్రి భోజనాలయ్యాక అరగంట, నేను సూది, అమ్మాయి కుంచె. ఒక చిన్న ముల్లు నా చేతిలో విరిగింది, దాన్ని కాగితంలో చుట్టి పలకతోపాటే ఉంచాం. నిన్న కింది రెక్క బయటపడింది. అది ఎక్కడ ఆగుతుందా అని గీకుతూ పోతే తోక మొదలు దాకా వెళ్ళింది. నోరు కూడా పైకే ఉంది. పలక వెనుక ‘నైటియా’ అని రాసినదాన్ని అమ్మాయి రబ్బరుతో చెరిపి, ‘డిప్లోమిస్టస్’ అని తెలుగులో రాసింది.