పదహారేళ్ల అమ్మాయికి వైకల్య సర్టిఫికెట్ తీసుకోవాలా, వద్దా?

నాగోల్ అమ్మ:

మా పాప ఇంటర్ ఫస్టియర్, ఎంపీసీ. ఎనిమిదో తరగతిలో ఉండగా మోకాళ్లు, మణికట్లు వాచాయి. పొద్దున లేచేసరికి చేతులు బిగుసుకుపోయేవి. ఎముకల డాక్టర్ల చుట్టూ తిరిగాం. చివరికి రుమటాలజిస్ట్ చూసి జువెనైల్ ఆర్థరైటిస్ అన్నారు, అంటే పదహారేళ్ల లోపు పిల్లల్లో మొదలయ్యే కీళ్ల జబ్బు. అప్పటి నుంచి వారానికి ఒకసారి మెథోట్రెక్సేట్ అనే మందు వేస్తున్నాం, మధ్యమధ్య రక్తపరీక్షలు చేయిస్తున్నాం. వాపు బాగా తగ్గింది. కానీ మణికట్లు పూర్తిగా తిరగవు, ఓ గంట రాస్తే వేళ్లు లాగేస్తాయి. కాలేజీలో వారం వారం టెస్టులు. వచ్చిన ప్రశ్నలే వదిలేసి వస్తోంది. ర్యాంకుల లిస్టులో కిందికి జారిపోతోంది.

డాక్టర్ గారు వైకల్య సర్టిఫికెట్‌కి అప్లై చేయమన్నారు. మా ఆయన, అత్తమ్మ ససేమిరా అంటున్నారు. "ఆడపిల్ల. రేపు సంబంధాలు చూసేటప్పుడు ఈ కాగితం బయటపడితే ఎవరు చేసుకుంటారు?" అని అత్తమ్మ బాధ. పాపనడిగితే "మీ ఇష్టం" అనేసి గదిలోకి వెళ్లిపోతోంది. ఇలాంటివి చూసినవాళ్లు చెప్పండి, తీసుకోమంటారా, వద్దంటారా?

కొత్తపేట పెదనాన్న:

అమ్మా, నేను వద్దనే చెప్తాను. ఈ జబ్బు కొంతమంది పిల్లల్లో పెద్దయ్యేసరికి సద్దుమణుగుతుంది. మందుకి లొంగుతోందని మీరే అంటున్నారు. తగ్గే అవకాశమున్నదానికి సర్కారు ముద్ర ఎందుకు వేయించుకోవాలి?

మా తమ్ముడి కూతురికి చిన్నప్పుడు ఫిట్స్ వచ్చేవి. మందులు ఆపేసి ఏళ్లయింది, పిల్ల చక్కగా ఉద్యోగం చేసుకుంటోంది. అయినా మాట్లాడుకున్న సంబంధం ఎవరో చెప్పిన మాట మీద తప్పిపోయింది. అప్పుడు ఆ పిల్ల పడ్డ బాధ నేను కళ్లారా చూశాను. లోకం మారాలి, కాదనను. అది మారేదాకా మన పిల్లల్ని దాని ముందు నిలబెట్టి పరీక్ష పెట్టలేం కదా. కాలేజీ మార్చండి. ఒత్తిడి తక్కువున్న చోట వేయండి. ఒక ఏడాది ఆలస్యమైనా పర్లేదు. కాగితం మాత్రం వద్దు.

మియాపూర్ నాన్న:

మా అబ్బాయికి డుషేన్ మస్క్యులర్ డిస్ట్రఫీ, అంటే కండరాలు క్రమంగా బలహీనపడే జబ్బు, వీల్‌చెయిర్‌లో ఉంటాడు. దాచుదామన్నా దాగేది కాదు. కాబట్టి మీ అత్తమ్మగారి భయాన్ని నేను తేలిగ్గా తీసేయను. పైకి కనపడని జబ్బున్న ఇళ్లల్లో ఈ బరువు ఇంకోలా ఉంటుంది. కానీ ఆ సర్టిఫికెట్ ఏమిటో తెలిసి వద్దనుకోవాలి, తెలియకుండా కాదు.

అది మీ బీరువాలో ఉండే కాగితం. మీరు చూపించిన చోటే అది పనిచేస్తుంది. శాశ్వతంగా ఉండాలని కూడా లేదు. మారే అవకాశమున్న వైకల్యానికి గడువు వేసి ఇస్తారు. గడువు తీరేనాటికి పాప బాగుంటే మళ్లీ వెళ్లకండి, అంతటితో సరి. పెదనాన్నగారు ముద్ర అన్నారు కదా, ఇది చెరిగే ముద్రే.

2016 వికలాంగుల హక్కుల చట్టంలో 21 రకాల వైకల్యాలున్నాయి. కీళ్ల జబ్బు వల్ల కదలిక తగ్గితే శారీరక చలన వైకల్యం కింద లెక్కేస్తారు. వైకల్యం 40 శాతం, ఆపైన వస్తే ప్రభుత్వ, ఎయిడెడ్ ఉన్నత విద్యాసంస్థల్లో కనీసం 5 శాతం రిజర్వేషన్ ఉంటుంది. కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం రాత పరీక్షలో గంటకి కనీసం 20 నిమిషాలు అదనంగా ఇవ్వాలి. మూడు గంటల పేపర్‌కి ఇంకో గంట అన్నమాట. మీ పాప వదిలేసి వస్తున్న ప్రశ్నలకి ఆ గంట చాలదా?

ఇన్‌కమ్ ట్యాక్స్ పాత పద్ధతిలో కడుతుంటే 75,000 మినహాయింపు కూడా వస్తుంది. బస్‌పాస్ సంగతి వదిలేయండి, ఆడపిల్లలకి మహాలక్ష్మి ఉచిత ప్రయాణం ఉండనే ఉంది. ఇంతకుముందు మీసేవలో సదరం (వైకల్య పరీక్ష) స్లాట్ బుక్ చేసుకునేవాళ్లం, ఇప్పుడు యూడీఐడీ (వైకల్య గుర్తింపు కార్డు) పోర్టల్లో అప్లై చేయాలి. వాపు ఎక్కువగా ఉన్న రోజుల రిపోర్టులు, ఎక్స్‌రేలు అన్నీ పట్టుకెళ్లండి. ఈ జబ్బు రోజుకో రకంగా ఉంటుంది, మెడికల్ బోర్డు డాక్టర్లు చూసేది మాత్రం ఆ ఒక్క రోజే.

కొత్తపేట పెదనాన్న:

నా భయమూ అదే. చేతులు బాగున్న రోజు పిలుస్తారు, 25 శాతం వేస్తారు. సీటూ రాదు, సాయమూ రాదు. పేరు మాత్రం పడుతుంది.

మలక్‌పేట లెక్చరర్:

అలా జరగొచ్చు. కాకపోతే 40 రాకపోతే దారే లేదనుకోవద్దు. రాసేటప్పుడు చెయ్యి పట్టేసే జబ్బున్న ఒక అభ్యర్థికి యూపీఎస్సీ స్క్రైబ్‌ని, అంటే చెప్తే రాసిపెట్టే మనిషిని, ఇవ్వలేదు. 2021 ఫిబ్రవరిలో వికాశ్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు అతని పక్షాన తీర్పిచ్చింది, స్క్రైబ్ కావాలంటే 40 శాతం ఉండి తీరాలనడం కుదరదంది. దాన్ని బట్టి 2022 ఆగస్టులో కేంద్రం 40 లోపు ఉండి రాయడానికి ఇబ్బంది పడేవాళ్లకీ మార్గదర్శకాలు ఇచ్చింది. రాయలేకపోతోందని ప్రభుత్వ వైద్యుల ధ్రువీకరణ కావాలి. అంటే పరీక్షలో సాయం ఒక సంగతి, రిజర్వేషన్ ఇంకో సంగతి. రెంటినీ ఒకే మూటలో కట్టి వద్దనకండి.

ఇక కాలేజీ లోపలి మాట. నేను ఇంటర్ పిల్లలకి ఫిజిక్స్ చెప్తాను. పెదనాన్నగారి అనుమానం వట్టిది కాదు. అనారోగ్యం అని చెప్పగానే "ప్రెషర్ తట్టుకోలేదు" అంటూ పిల్లని కింది సెక్షన్‌కి మార్చేసిన చోట్లున్నాయి. అది చూసి నాకు చాలా కోపం వచ్చింది. పిల్ల తెలివి మణికట్లో ఉండదు కదా. ప్రభుత్వ గుర్తింపు ఉన్న ప్రతి విద్యాసంస్థకీ, ప్రైవేటు కాలేజీ అయినా సరే, ఆ 2016 చట్టం 16వ సెక్షన్ వర్తిస్తుంది. అవసరానికి తగ్గ సర్దుబాట్లు చేయాలని అందులోనే ఉంది. అందుకని నోటిమాటగా అడగొద్దు. డాక్టర్ లెటర్ జతచేసి ప్రిన్సిపాల్‌కి రాసివ్వండి, మీ కాపీ మీద స్టాంప్ వేయించుకోండి. పాపని కింది సెక్షన్‌కి మార్చకూడదని కూడా అందులోనే రాయండి.

ఇంటర్ బోర్డు పరీక్షకి కూడా ప్రిన్సిపాల్ ద్వారానే ముందుగా కదలాలి. పరీక్షలు దగ్గరపడ్డాక పరుగులు పెడితే కాదు. స్క్రైబ్ గురించి ఒక్క మాట. సాధారణంగా అభ్యర్థి కన్నా తక్కువ తరగతి వాళ్లని పెట్టాలంటారు. మ్యాథ్స్ బీలో ఇంటిగ్రేషన్ లెక్కని పదో తరగతి పిల్లకి నోటితో చెప్పి రాయించడం ఎంత కష్టమో ఊహించండి. ముందు నుంచీ కలిసి సాధన చేసిన జంటలకే అది కుదురుతుంది. చేత్తో కొంతైనా రాయగలిగిన పిల్లలకి అదనపు సమయమే మేలని నా అభిప్రాయం. పరీక్ష 9 గంటలకి మొదలవుతుంది, ఈ జబ్బులో చేతులు బిగుసుకుపోయేదీ పొద్దున్నే. అది కూడా లెక్కలో పెట్టుకోండి.

మౌలాలి అమ్మాయి:

నాకు ఇరవై నాలుగేళ్లు. పదకొండో ఏట ఇదే జబ్బు వచ్చింది. ఇక్కడ శాతాలు, సెక్షన్లు అన్నీ మాట్లాడారు గానీ, పాప "మీ ఇష్టం" అని లేచి వెళ్లిపోయిందన్న మాట దగ్గర ఎవరూ ఆగలేదు.

మా ఇంట్లో దాచారు, నా మీద ప్రేమతోనే. చుట్టాలొస్తే కుంటకుండా నడవమనేవాళ్లు. పెళ్లిళ్లకి వెళ్తే నా మందులు అమ్మ బ్యాగు అడుగున, చీరల కింద ఉండేవి. ఇంట్లో ఎవరూ నన్ను తిట్టలేదు. అయినా నొప్పి బయటికి చెప్పకూడదని నాకు బాగా వంటబట్టింది. డాక్టర్ "ఎలా ఉందమ్మా?" అని అడిగితే ఆయన దగ్గర కూడా "బాగుంది సార్" అనేదాన్ని. బాగుందన్న పిల్లకి మందు ఎవరు పెంచుతారు? నా ఎడమ మణికట్టు ఇప్పుడు వంగదు, ఏ మందుకీ ఇక వంగదు. పెదనాన్నగారూ, మీరు పిల్లల మేలు కోరేవారని మీ మాటల్లోనే తెలుస్తోంది. అందుకే చెప్తున్నాను, దాచినందుకు మూల్యం మేం ఒంటితో కడతాం.

పెళ్లి గురించి కూడా చెప్పాలి. మెథోట్రెక్సేట్ వేసుకుంటూ గర్భం దాల్చకూడదు, బిడ్డకి ప్రమాదం. డాక్టర్‌తో మాట్లాడి చాలా ముందే ఆపి, వేరే మందుకి మారాలి. కట్టుకున్నవాడికి తెలియకుండా ఇది ఎలా కుదురుతుంది? అత్తమ్మగారికి ఇది నెమ్మదిగా వివరించండి. జబ్బు దాచి చేసే పెళ్లిలో మొదటి అపాయం మీ పాపకే.

ఇంత చెప్పినా, నేను సర్టిఫికెట్ తీసుకోలేదు. పద్దెనిమిది దాటాక నేనే కూర్చుని ఆలోచించుకున్నాను. నా పని కీబోర్డు మీద, అది నాకు నడుస్తోంది, వద్దనుకున్నాను. మీ పాప తీసుకోవచ్చు. అందరూ ఉటంకిస్తున్న ఆ 2016 చట్టంలోనే 4వ సెక్షన్‌లో, వైకల్యం ఉన్న పిల్లలకి తమకి సంబంధించిన ప్రతి విషయంలో స్వేచ్ఛగా అభిప్రాయం చెప్పే హక్కుందని రాసుంది. నాకు అందులో అన్నిటికన్నా విలువైన వాక్యం అదే.

"మీ ఇష్టం" అన్న పిల్ల, నిర్ణయం తన చేతుల్లో లేదని అప్పటికే అనుకుంటోంది. నాన్న, నానమ్మ లేనప్పుడు అడగండి. "సర్టిఫికెట్ కావాలా?" అనొద్దు. రోజులో ఎక్కడ కష్టంగా ఉంది, ఎవరికి తెలిస్తే పర్లేదు, ఎవరికి తెలియకూడదు, అని అడగండి. ఆ చివరిదానికి ఏం చెప్తే అది పాటించండి. డాక్టర్ దగ్గర కూడా కాసేపు తనని ఒక్కదాన్నే మాట్లాడనివ్వండి.

కొత్తపేట పెదనాన్న:

అమ్మా, నీ మాటలు రెండుసార్లు చదివాను. కట్టుకునేవాడికి చెప్పి తీరాలి, అందులో వాదన లేదు. కానీ ఎప్పుడు చెప్పాలో, ఎలా చెప్పాలో పిల్లే చెప్పుకోవాలి. కాలేజీ ఆఫీసులో ఫైలు చూసిన గుమాస్తా నోటి నుంచి కాలనీ అంతా వినడం వేరు. ఇప్పుడు పరీక్షకి డాక్టర్ లెటర్ మీద సమయం అడగండి, సర్టిఫికెట్ పద్దెనిమిది నిండాక తనే తేల్చుకుంటుంది. నా మాట ఇప్పటికీ ఇదే.

మియాపూర్ నాన్న:

మీరన్నది న్యాయంగానే ఉంది గానీ క్యాలెండర్ ఒప్పుకోదు సార్. జేఈఈకి, ఈఏపీసెట్ కౌన్సెలింగ్‌కి కేటగిరీ అడిగేది సెకండియర్‌లో. చాలామంది పిల్లలకి అప్పటికి పద్దెనిమిది నిండవు. తీసుకుని వాడకపోవచ్చు. తీసుకోకపోతే వాడాలన్నా ఉండదు.

తార్నాక ఫిజియో:

చర్చలో తలదూర్చను, పనికొచ్చేవి చెప్తాను. లావు పట్టున్న పెన్ను వాడించండి. పొద్దున గోరువెచ్చని నీళ్లలో చేతులు పెట్టి మెల్లగా కదిలించాలి. నొప్పని పూర్తిగా పడుకోబెడితే కీళ్లు ఇంకా బిగుస్తాయి. అన్నిటికన్నా ముఖ్యం కళ్లు. ఈ జబ్బులో కంటి లోపల వాపు రావచ్చు. చాలాసార్లు ఎర్రబడదు, నొప్పుండదు, చూపు మాత్రం పాడవుతుంది. కంటి డాక్టర్ స్లిట్ ల్యాంప్‌తో చూస్తేనే తెలుస్తుంది. చివరిసారి ఎప్పుడు చూపించారు?

నాగోల్ అమ్మ:

కళ్లు చూపించి చాలా రోజులైంది, రేపే అపాయింట్‌మెంట్ తీసుకుంటాను.

పాపతో మాట్లాడాను. మౌలాలి అమ్మాయి చెప్పినట్టే, మేమిద్దరమే ఉన్నప్పుడు అడిగాను. స్క్రైబ్ వద్దంది. అదనపు సమయం కావాలి గానీ వేరే గదిలో కూర్చోబెడితే అందరూ ఎందుకని అడుగుతారని భయం, అందరితో పాటు అదే హాల్లో కావాలంది. సర్టిఫికెట్ తీసుకుందామంది, ఫార్మ్ తనే నింపుతుందట. కానీ పెద్దమ్మ వాళ్లకి, అత్త వాళ్లకి తను చెప్పమనేదాకా చెప్పకూడదని మాట తీసుకుంది. ఫ్రెండ్స్‌లో ఒక్కరికి తెలుసట.

అసలు కష్టం ఎక్కడా అంటే పరీక్షల మాటే ఎత్తలేదు. కాలేజీలో అన్నీ ఇండియన్ టాయిలెట్లే. కూర్చుంటే మోకాళ్లు లేవనివ్వవు. అందుకని పొద్దున వెళ్లిన దగ్గర్నుంచి సాయంత్రం ఇంటికొచ్చేదాకా నీళ్లు తాగడం మానేసిందట. వాటర్ బాటిల్ నిండుగానే తిరిగొస్తుంటే మర్చిపోతోందనుకున్నాను. ఇది విన్నాక మా ఆయన ఏమీ మాట్లాడలేదు, ప్రిన్సిపాల్‌కి లెటర్ తనే తీసుకెళ్తానన్నారు. అత్తమ్మ మాత్రం ఒప్పుకోలేదు, సర్టిఫికెట్ మాటెత్తితే కళ్లనీళ్లు పెట్టుకుంటోంది. మందు సంగతి మెల్లగా చెప్పాలి.

ఇంకొక్కటి అడుగుతాను. ఆదివారం రాత్రి మెథోట్రెక్సేట్ వేస్తాం, సోమవారం వాంతి వచ్చేలా ఉంటుంది, టెస్టేమో ఆ రోజే. ఏం చేయాలి?

మౌలాలి అమ్మాయి:

రోజు మార్చొచ్చేమో డాక్టర్‌ని అడగండి. నాకు శుక్రవారం రాత్రికి మార్చారు, వికారమంతా శనివారమే పోయేది. మీరంతట మీరు మాత్రం మార్చకండి, వారానికి ఒక్కసారి కన్నా ఎక్కువ పడితే చాలా ప్రమాదం. ఫోలిక్ యాసిడ్ ఇస్తున్నారో లేదో కూడా చూడండి. నీళ్లు తాగడం లేదన్న సంగతి డాక్టర్‌కి తప్పకుండా చెప్పండి. ఆ మందు బయటికి పోయేది ఎక్కువగా కిడ్నీల ద్వారానే.

మలక్‌పేట లెక్చరర్:

లెటర్‌లో టాయిలెట్ సంగతి మొదటి పేరాలో పెట్టండి, అదనపు సమయం మాట దాని తర్వాత. భవనం, వసతులు అందరికీ వీలుగా ఉండాలని కూడా 16వ సెక్షన్‌లోనే ఉంది. స్టాఫ్ రూమ్ పక్కన వెస్టర్న్ కమోడ్ చాలా కాలేజీల్లో ఉంటుంది, తాళం వేసి ఉంచుతారు. తాళంచెవి పాపకి ఇవ్వమని అడగండి. కొత్తది కట్టించేదాకా ఆగక్కర్లేదు, సోమవారం నుంచే ఇవ్వొచ్చు.