కోళ్ల మధ్య బోర్డర్ కాలీ: శిక్షణ చాలా, కంచె కావాలా?

ప్రశ్న:
మా బోర్డర్ కాలీకి (గొర్రెల మందను తోలే జాతి కుక్క) 14 నెలలు. నిన్న ఒక పెట్టను మూలకు తరిమి తోక ఈకలు పీకేసింది. రక్తం రాలేదు గానీ, ఆ పెట్ట చీకటి పడేదాకా గూట్లోంచి కదల్లేదు. "కాపరి జాతి కదా, చంపదు, వయసొస్తే అదే సర్దుకుంటుంది" అని ఒకరంటారు. షాక్ కాలర్ (మెడకు కట్టే, కరెంటు షాక్ ఇచ్చే పట్టీ) వేయమని ఇంకొకరు. ఎవరి మాట వినాలి?

జవాబు 1:
కాలరే వేయండి. మా కుక్క రెండు రోజుల్లో దారికొచ్చింది. ఇప్పుడు కోడి వంక చూడదు.

జవాబు 2:
"కాపరి జాతి, చంపదు" అన్న ధీమాతోనే కోళ్లు పోతాయండి. మందను తోలే గుణం వేట బుద్ధిలోంచి పుట్టిందే. చూపు నిలపడం, పొంచడం, తరమడం, పట్టడం, చంపడం: వేట ఈ వరసలో సాగుతుంది. బోర్డర్ కాలీలో మొదటి మూడూ పదునెక్కేలా, చివరి రెండూ అణిగేలా తరతరాలుగా ఎంచి పెంచారు. అణిగాయంతే, పోలేదు. కోడి రెక్కలు కొట్టుకుంటూ అరిచి పరుగెత్తితే అవి మళ్లీ లేవచ్చు. పైగా తరమడమే దానికి బహుమానం. తరిమిన కొద్దీ అలవాటు ముదురుతుంది, వయసు కోసం ఎదురుచూడకండి.

ఇక కాలర్. షాక్ తగిలిన క్షణాన ఎదురుగా ఉన్నది కోడి. తప్పు తరమడంలో ఉందని కుక్క గ్రహిస్తుందో, నొప్పి కోడి వల్లే వచ్చిందనుకుంటుందో మన చేతిలో లేదు. రెండోదైతే ఆ భయమే కాటుకు దారితీయొచ్చు. బ్రిటన్‌లోని వేల్స్‌లో 2010లోనే ఈ కాలర్లను నిషేధించారు.

నేనైతే ఛాతీ పట్టీకి 10 మీటర్ల తాడు కట్టి, కోళ్లు కనబడుతున్నా నా మాట వినగలిగేంత దూరంలో మొదలుపెట్టాను. దాని నోరు గమనించండి. నాలుక వేలాడేసి రొప్పుతున్న కుక్క ఠక్కున నోరు మూసి, తల దించి, ముందుకాలు గాల్లో ఆపిందంటే పొంచేసినట్టే. ఆ తర్వాత పిలుపు చెవికెక్కడం కష్టం. అంతకుముందే పేరు పెట్టి పిలవాలి, తల తిప్పగానే మాంసం ముక్క పెట్టాలి. మూడు వారాలు అదే దూరంలో చేశాను. తర్వాతే రెండడుగులు ముందుకు.

ఇదంతా మనం పక్కనున్నప్పుడే. లేనప్పుడు కంచె ఉండాల్సిందే.

జవాబు 1:
కంచె అవతల కూర్చోబెట్టడానికా కాపరి కుక్కను పెంచేది? దానికి పనుండొద్దా?

జవాబు 2:
ఉండాలి, తప్పకుండా. బంతాట, వాసన పట్టి వెతకడం, వీలైతే తెలిసినవాళ్ల దగ్గర గొర్రెల మీద శిక్షణ. కోళ్లను మాత్రం తోలనివ్వకండి. బెదిరితే అవి మూలకు చేరి, ఒకదాని మీద ఒకటి పడి ఊపిరాడక చస్తాయి. కంచె సందుల్లోంచి గంటలకొద్దీ చూస్తూ కూర్చున్నా అది వేట సాధనే, అందుకే కింది భాగం కప్పేయండి.

ప్రశ్న అడిగినవారు:
పొద్దున తాడుతో తీసుకెళ్లాను. 20 అడుగుల దూరంలోనే నోరు మూసేసింది. రేపు ఇంకా వెనక్కి జరిగి మొదలుపెడతాను. కంచె కింద కట్టడానికి గోనె పట్టాలు తీసిపెట్టాను.