23 రోజుల అంటార్కిటికా ఓడ ప్రయాణానికి ఎలా సిద్ధం కావాలి?

ప్రశ్న:

అందరికీ నమస్కారం. వచ్చే జనవరిలో నాన్నగారితో కలిసి అర్జెంటీనా దక్షిణ కొసన ఉన్న ఉషువాయాలో ఓడ ఎక్కుతున్నాను. ఫాక్లాండ్ దీవులు, సౌత్ జార్జియా దీవి, అంటార్కిటిక్ ద్వీపకల్పం చూసి మళ్ళీ ఉషువాయాకే వస్తాం. మొత్తం 23 రోజులు. నాన్నగారికి 68 ఏళ్ళు, రక్తపోటుకు మాత్రలు వాడుతున్నారు, నడక బాగానే ఉంది. నాకేమో బస్సు కొండదారి ఎక్కితే చాలు, కడుపులో తిప్పుతుంది. చలికి ఎన్ని స్వెటర్లు పెట్టుకోవాలి? దక్షిణ అమెరికాకూ అంటార్కిటికాకూ మధ్య ఉన్న డ్రేక్ జలసంధిలో నా గతి ఏమిటి? వెళ్ళివచ్చిన వారు దయచేసి చెప్పండి.

జవాబు:

నేను రెండుసార్లు వెళ్ళాను. మొదటిసారి మీలాగే చలికి భయపడి పెట్టె నిండా ఉన్ని బట్టలు కుక్కాను. సగం బయటికే తీయలేదు. జనవరిలో ద్వీపకల్పం తీరాన ఉష్ణోగ్రత సున్నాకు అటూ ఇటూగానే ఉంటుంది. అక్కడ మనిషిని వణికించేది గాలి, తడి. ఓడ నుంచి ఒడ్డుకు జోడియాక్ అనే గాలి రబ్బరు పడవలో తీసుకెళ్తారు. ఎదురుగాలి ఉన్నరోజు అల నీళ్ళు నేరుగా ఒళ్ళో పడతాయి. కాబట్టి స్వెటర్ల లెక్క పక్కన పెట్టి, నీరు చొరని మంచి ప్యాంటు కొనండి. అది బూట్ల మీదుగా కిందికి దిగాలి. బూట్ల లోపలికి దోపితే నీళ్ళు నేరుగా పాదాల దగ్గరికి చేరతాయి. ఒంటికి ఆనుకుని మెరీనో ఉన్ని, దానిపైన ఫ్లీసు, ఆపైన నీరు చొరని కోటు ఉంటే సరిపోతుంది. నూలు బట్ట తడిస్తే ఆరదు, లోపల వేసుకోకండి. చేతి తొడుగులు మాత్రం రెండు జతలు తప్పనిసరి. కోటు, రబ్బరు బూట్లు చాలా ఓడల్లో వాళ్ళే ఇస్తారు. కొనేముందు మీ సంస్థను అడగండి.

ఇక డ్రేక్ జలసంధి. దాటడానికి దాదాపు రెండు రోజులు పడుతుంది. మీ మార్గంలో అది తిరుగు ప్రయాణంలో వస్తుంది. అయితే ఫాక్లాండ్ నుంచి సౌత్ జార్జియాకు, అక్కడి నుంచి ద్వీపకల్పానికి కూడా నడిసముద్రంలో రోజుల తరబడి వెళ్ళాలి, కాబట్టి మొదటి వారంలోనే ఊపు తెలుస్తుంది. గది కింది అంతస్తులో, ఓడ మధ్యభాగంలో దొరికితే తీసుకోండి. ఊపు తక్కువ. చెవి వెనుక అంటించుకునే స్కోపలమైన్ అనే వికారం మందు పట్టీ నాకు బాగా పనిచేసింది. అది కనీసం నాలుగు గంటల ముందు అంటించుకోవాలి, మూడు రోజులు ఉంటుంది. అంటించిన చేతిని కడుక్కోకుండా కన్ను తుడుచుకుంటే కంటిపాప పెద్దదై చూపు మసకబారుతుంది. గ్లకోమా, ప్రోస్టేట్ సమస్య ఉన్నవారికి ఈ మందు పడకపోవచ్చు. నాన్నగారికి మీ డాక్టరును అడగకుండా పెట్టకండి. మీరు కూడా ఇంట్లో ఉన్నప్పుడే ఒకసారి వాడి చూసుకోండి. మగత, నోరు ఎండిపోవడం ఎంత ఉంటాయో ముందే తెలుస్తుంది. వికారం మొదలయ్యాక మాత్ర మింగితే కడుపులో నిలవదు.

ఊపు ఉన్నప్పుడు ఒక చెయ్యి ఎప్పుడూ కమ్మీ మీదే ఉండాలి. తలుపు అంచు మాత్రం పట్టుకోకండి. ఓడ ఒరిగితే బరువైన తలుపు దానంతట అదే మూసుకుంటుంది. మా ప్రయాణంలో ఒకాయన రెండు వేళ్ళు అలాగే నలిగిపోయాయి.

మీరు అడగలేదు గానీ, నా దృష్టిలో అన్నిటికన్నా పెద్ద పని శుభ్రం చేసుకోవడం. సౌత్ జార్జియాకు తిమింగిలాల, సీళ్ళ వేటగాళ్ళ ఓడల్లో ఎలుకలు చేరాయి. గుడ్లనూ పిల్లలనూ తినేసి, ఆ దీవిలో తప్ప మరెక్కడా లేని పిపిట్ అనే చిన్న పిట్టను చాలా చోట్ల లేకుండా చేశాయి. హెలికాప్టర్లతో ఏళ్ళ తరబడి మందు చల్లి, 2018లో దీవిని ఎలుకలు లేనిదిగా ప్రకటించారు. ఆ పిట్ట పాట మళ్ళీ వినిపిస్తోంది. నేను ఆ దీవిలోని పాత తిమింగిలాల వేట స్థావరం గ్రిట్‌వికెన్ దగ్గర విని కాసేపు కదల్లేకపోయాను. బయటి గింజ కూడా అలా చేరకూడదని అక్కడి అధికారులు ఓడలోకి వచ్చి బూట్ల గాడులు, జేబులు, సంచులు తనిఖీ చేస్తారు. వెల్క్రో పట్టీల్లో గడ్డి గింజలు ఇరుక్కుంటాయి. ఇంట్లోనే వెలుతురులో కూర్చుని పిన్నీసుతో ఒక్కొక్కటీ తీయండి.

ప్రశ్న అడిగినవారు:

చాలా కృతజ్ఞతలండీ. నాన్నగారు ఆ పడవలోకి దిగగలరా అన్నది నా బెంగ. కెమెరా, డ్రోను సంగతి కూడా చెప్పగలరా?

జవాబు:

దిగగలరు. నావికుడికి వేళ్ళు అందించకూడదు, మణికట్టు పైభాగం పట్టుకోవాలి, ఆయన కూడా మీ చెయ్యి అక్కడే పట్టుకుంటాడు. తడి చేతులైనా జారవు. ఒడ్డు చేరాక పడవ అంచు మీద కూర్చుని, కాళ్ళు తిప్పి, అప్పుడు లోతులేని నీళ్ళలోకి దిగాలి. లేచి నిలబడి దూకకూడదు. ఎత్తు తక్కువ కుర్చీలోంచి చేతుల ఆసరా లేకుండా లేవడం రోజూ పదిసార్లు చేయించండి, చాలా ఉపయోగపడుతుంది.

పర్యాటకులకు డ్రోన్లు ఒప్పుకోరు, ఇంట్లోనే ఉంచండి. చలికి బ్యాటరీలు త్వరగా దిగిపోతాయి, అదనపువి లోపలి జేబులో ఒంటి వేడికి పెట్టుకోండి. వెచ్చని గదిలోకి వచ్చేముందు కెమెరాను సంచిలో పెట్టి మూతి బిగించండి, గంట తర్వాత తీయండి. లేకపోతే లెన్సు లోపల ఆవిరి పడుతుంది. పెంగ్విన్‌లకు అయిదు మీటర్ల దూరం పాటించాలి. 2023లో పక్షుల ఫ్లూ ఆ ప్రాంతానికి చేరినప్పటి నుంచి ఒడ్డున కూర్చోవడం, మోకరిల్లడం, సంచి నేల మీద పెట్టడం కూడా కుదరదు. భుజానికి తగిలించుకునే తేలికపాటి సంచే మేలు.

మరొకరు:

ఒక్క మాట కలుపుతాను. ఓడలో డాక్టరు ఉంటారు గానీ ఆసుపత్రి ఉండదు. అత్యవసరంగా తరలించే ఖర్చు భరించే బీమా ఉందో లేదో పత్రంలో చదివి చూడండి, చాలా సంస్థలు అది లేనిదే ఎక్కనివ్వవు. నాన్నగారి మాత్రలు రెట్టింపు తీసుకెళ్ళండి, రెండు చోట్ల పెట్టండి, ఒక భాగం చేతిసంచిలో. నా పెట్టె విమానం మారేటప్పుడు వెనక ఉండిపోయింది. ఓడ ఆగలేదు. ఉషువాయాకు రెండు రోజులు ముందే చేరేలా టికెట్లు తీసుకోండి.

ప్రశ్న అడిగినవారు:

టికెట్లు ఈ రోజే మార్చాను. నాన్నగారి పాత కోటు వెల్క్రోలోంచి పిన్నీసుతో ఏడు గింజలు తీశాం. ఇంకా సంచులు చూడాలి.