రెండు లక్షల లోపు వెనక చక్రాలతో నడిచే రౌడీ బండి ఏది తీసుకోవాలి?

పెన్నా_గట్టు, శుక్రవారం రాత్రి 1:10

అన్నలూ, సాయంత్రం ఆరు నుంచి ఫోన్ పట్టుకుని కూర్చున్నా. ఏడు గంటలుగా ఇదే పని. సెకండ్ హ్యాండ్ కార్ల ప్రకటనలన్నీ చూసేశా. ముందు చక్రాలు లాగుతాయా, వెనక చక్రాలు తోస్తాయా అన్నది ఒక్కరూ రాయరు. మైలేజీ రాస్తారు, సీటు కవర్లు కొత్తవని రాస్తారు, డ్యాష్‌బోర్డు మీద వినాయకుడి ఫొటో కూడా పెడతారు. నాకు కావాల్సింది మాత్రం ఉండదు. మధ్యాహ్నం మినీ బైపాస్ దగ్గర ఇద్దరు బ్రోకర్లను అడిగితే ఇద్దరూ స్విఫ్టే చూపించారు. మంచి కారే, కానీ నాకు అది వద్దు.

నాకు తోక ఊపే బండి కావాలి. చిన్నప్పుడు మా మామ అంబాసిడర్‌లో వానాకాలం మట్టిరోడ్డు మీద పోతుంటే మలుపులో వెనక భాగం మెల్లగా పక్కకు జారేది. ఆయన స్టీరింగ్ ఎదురు తిప్పి మళ్లీ దారిలోకి తెచ్చేవాడు. వెనక సీట్లో ఉన్న నాకు కడుపులో గిలిగింతలు. ఇరవై ఏళ్లు దాటినా అది మర్చిపోలేదు. ఇప్పుడు చేతిలో రెండు లక్షలున్నాయి. ఏది తీసుకోవాలో చెప్పండి, నిద్ర పట్టడం లేదు.

కావలి_కుర్రోడు, 1:22

ఓమ్ని. ఇంకేం ఆలోచించొద్దు.

పెన్నా_గట్టు, 1:24

అది వ్యాన్ కదన్నా?

కావలి_కుర్రోడు, 1:31

వ్యానే. తిరిగేది మాత్రం వెనక చక్రాలే. 796 సీసీ, మూడు సిలిండర్లు. ఖాళీ బండికి వెనక బరువే ఉండదు, వానలో రెండో గేర్లోనే తోక తిప్పుద్ది. 2019లో తయారీ ఆపేశారు గానీ సామాన్లు ఏ ఊళ్లోనైనా దొరుకుతాయి. ఇంకాస్త లాగుడు కావాలంటే ఈకో చూడు, 1200 సీసీ, అదీ వెనక చక్రాలదే. రెండేళ్ల కింద మా బావ పాతది 1.80కి తీసుకున్నాడు.

గూడూరు_గేర్, 6:05

ఓమ్ని రియర్ ఇంజన్ కదా, అందుకే తోక తిరుగుద్ది.

ఇరుసు_పిచ్చి, 6:40

రియర్ ఇంజన్ కాదు. దయచేసి ఈ రెండు మాటలు కలపొద్దు. ఇంజన్ ఎక్కడుందన్నది వేరు, ఏ చక్రాలు తిరుగుతాయన్నది వేరు. ఓమ్నిలో ఇంజన్ ముందు సీట్ల కింద ఉంటుంది, అక్కడి నుంచి ప్రొపెల్లర్ షాఫ్ట్ అనే పొడవాటి తిరిగే కడ్డీ వెనక ఇరుసుకు పోతుంది. ఇంజన్ నిజంగా వెనక ఉన్నది నానోలో. 624 సీసీ, రెండు సిలిండర్లు, వెనక సీటు వెనకాల. అది తిప్పేదీ వెనక చక్రాలనే, కాబట్టి నానో కూడా వెనక చక్రాల బండే, అది ఎవరికీ గుర్తుండదు.

వెనక చక్రాల బండిలో సరదా ఎందుకంటే పని పంచుకుంటాయి. ముందు చక్రాలు తిరగడం చూసుకుంటాయి, వెనకవి తోయడం చూసుకుంటాయి. యాక్సిలరేటర్ నొక్కితే బరువు వెనక్కి పోతుంది, తోసే చక్రాలకు పట్టు వస్తుంది. ఆ పట్టుకు మించి నొక్కితే తోక జారుతుంది. అంటే మలుపు ఎంత తిరగాలన్నది నీ కుడి పాదంతో కూడా చెప్పొచ్చు. ముందు చక్రాల బండిలో ఆ రెండు చక్రాలే లాగాలి, తిరగాలి, అందుకే ఎక్కువ నొక్కితే మలుపు తిరక్కుండా నేరుగా పోతుంది.

గూడూరు_గేర్, 6:52

స్విఫ్ట్‌తో నేను డ్రిఫ్ట్ చేశానన్నా. హ్యాండ్ బ్రేక్ లాగితే చాలు.

ఇరుసు_పిచ్చి, 7:15

హ్యాండ్ బ్రేక్ లాగి వెనక చక్రాలు బిగిస్తే బండి ఒక్కసారి తిరుగుతుంది, వేగం చచ్చిపోతుంది. దాన్ని హ్యాండ్ బ్రేక్ టర్న్ అంటారు. డ్రిఫ్ట్ అంటే జారుతూనే ఉండాలి, ఆ జారుడును యాక్సిలరేటర్‌తో, స్టీరింగ్‌తో నువ్వు నిలబెట్టాలి. వెనక చక్రాలకు పవర్ లేకుండా అది నిలబడదు.

గూడూరు_గేర్, 7:20

పేరేదైతే ఏందన్నా, జారిందా లేదా?

ఇరుసు_పిచ్చి, 7:34

పేరు ముఖ్యం తమ్ముడూ. ఈ అబ్బాయి కారు కొనబోతున్నాడు. నీ మాట విని స్విఫ్ట్ కొంటే అతను అడిగింది దొరకదు.

చీమకుర్తి_టిప్పర్, 8:10

జిప్సీ. వేరే మాట లేదు.

కావలి_కుర్రోడు, 8:18

జిప్సీ ఫోర్ వీల్ డ్రైవ్ కదా.

చీమకుర్తి_టిప్పర్, 8:30

లివర్ 2హెచ్‌లో పెడితే వెనక చక్రాలే. 1300 సీసీ, 80 గుర్రాలు, బరువు టన్ను అటూ ఇటూ. గ్రానైట్ క్వారీల దగ్గర చూశాను, ఎక్కడికైనా పోతది. ధరే నీ రెండు లక్షలకు కష్టం.

మాగుంట_లేఅవుట్, 8:55

అందరూ ఎందుకు పాత వ్యాన్ల వెంట పడతారో అర్థం కాదు. పదేళ్లు దాటిన బీఎండబ్ల్యూ 3 సిరీస్, మెర్సిడెస్ సీ క్లాస్ ఇప్పుడు కొత్త హ్యాచ్‌బ్యాక్ కంటే తక్కువకే వస్తున్నాయి. రెండూ వెనక చక్రాలవే. బండి జారకుండా పట్టే స్టెబిలిటీ కంట్రోల్ ఆపేస్తే అసలైన ఆట.

ఆటోనగర్_26, 9:40

తక్కువకు రావడానికి కారణం ఉంది సార్. అలాంటి ఒక విదేశీ కారు పోయినేడు మా షెడ్డులో నాలుగు నెలలుంది. ఒక్క సెన్సార్ కోసం. ఓనరు వారం వారం వచ్చి చూసి పోయేవాడు, పాపం. రెండు లక్షలున్న వాడికి అది చెప్పకండి.

తమ్ముడూ, అసలు సంగతి నువ్వు చెప్పలేదు. ఎక్కడ నడుపుతావు? రోడ్డు మీదా? తారా, మట్టా, ఇసుకా? నీతో ఎవరు కూర్చుంటారు?

పెన్నా_గట్టు, 10:25

అది చెప్పలేదా? సారీ అన్నా. రోడ్డు మీద కాదు. ఇందుకూరుపేట దగ్గర మా పెదనాన్నకు రొయ్యల గుంతలున్నాయి. ఒకటి పట్టుబడి అయిపోయి నీళ్లు తీసేసి ఎండబెడుతున్నారు. నాలుగెకరాలు, బాగా బీటలు వారింది, చుట్టూ గట్టు. పంట మధ్య ఖాళీలో అక్కడే తిప్పుకుంటాను. ఒక్కడినే. అప్పుడప్పుడు మా తమ్ముడు.

ఆటోనగర్_26, 10:58

ఇది మొదట చెప్పాల్సింది. ఇప్పటిదాకా వచ్చిన సలహాల్లో సగం తీసేయాలి.

ఓమ్ని, ఈకో, జిప్సీ తడి తారు మీద జారితే జారుకుంటూ పోతాయి. గుంత అడుగు పైన మాత్రమే గట్టి, బీట కింద మెత్తగా ఉంటుంది. బండి పక్కకు జారేటప్పుడు టైరు ఆ పెంకును పగలగొట్టుకుని దిగబడుతుంది. కింద చక్రం ఆగిపోతుంది, పైన బరువు ఆగదు. ఎత్తు ఎక్కువ, వెడల్పు తక్కువ ఉన్న బండి అక్కడే పల్టీ కొడుతుంది. వేగం కూడా అక్కర్లేదు. నేను పని నేర్చుకునే రోజుల్లో ఒక వ్యాన్ అలాగే పుచ్చకాయలు కోసేసిన బీడులో తిరగబడి వచ్చింది. నడిపినాయన వేగం ముప్పై దాటలేదన్నాడు. బెల్టు పెట్టుకోలేదు, భుజం ఎముక విరిగింది. అదీ ఆయన అదృష్టమే.

నీకు కావాల్సింది కిందికి కూర్చున్నట్టుండే పాత కారు, పెట్రోలుది. నా మాట వింటే మీ మామ బండే చూడు. కానీ మామూలు 1.5 డీజిల్ అంబాసిడర్ వద్దు, దానికి లాగుడు ఉండదు, తోక తిప్పడానికి నువ్వే దిగి తోయాలి. 1800 ఐఎస్‌జడ్ అని ఉంటుంది, ఇసుజు పెట్రోలు ఇంజన్, అయిదు గేర్లు, 75 గుర్రాలు. డీజిల్‌కు దాదాపు రెట్టింపు. వెనక కమాన్ కట్టలు, గట్టి ఇరుసు, దెబ్బలు తింటుంది. 2014లో ఉత్తర్‌పారాలో ఫ్యాక్టరీ ఆగినా సామాన్లు ఇప్పటికీ దొరుకుతున్నాయి. కాంటెస్సాలో కూడా 1.8 ఇసుజు వచ్చింది, అది ఇంకా బాగా జారుతుంది. కానీ దాన్ని ఇప్పుడు దాచుకునేవాళ్లు కొంటున్నారు, మంచి బండిని గుంతలో తిప్పితే నాకే బాధగా ఉంటుంది. ప్రీమియర్ 118ఎన్ఈ దొరికితే అదీ మంచిదే, ఫియట్ 124 బాడీలో నిస్సాన్ 1171 సీసీ ఇంజన్. సామాన్లకు మాత్రం తిరగాలి.

చూసేటప్పుడు మొదట కింద పడుకో. రివర్స్ నుంచి ఫస్ట్ గేరుకు మార్చినప్పుడు టక్ అని గట్టిగా కొడితే ప్రొపెల్లర్ షాఫ్ట్ క్రాసులు, అంటే దాని కీళ్లు, పోయినట్టు, లేదంటే వెనక ఇరుసులోని పళ్ల చక్రాలు, క్రౌన్ పినియన్, అరిగినట్టు. అరవైలో యాక్సిలరేటర్ వదిలి చెవి పెట్టు, వెనక నుంచి ఊఁ అని ఏడుపు వస్తే క్రౌనే. వెనక చక్రం లోపల తడిగా ఉంటే యాక్సిల్ సీల్ పోయి ఆయిల్ బ్రేక్ డ్రమ్ములోకి వస్తోంది. మ్యాట్ ఎత్తి స్క్రూ డ్రైవర్‌తో బండి ఫ్లోరు రేకు పొడిచి చూడు, దిగితే తుప్పు, వదిలేయ్.

వనామి_రైతు, 11:30

కారు సంగతి నాకు తెలియదు, గుంత సంగతి చెప్తాను. ఇది చదివి ఊరుకోలేకపోయాను.

పట్టుబడి తర్వాత గుంతను ఎందుకు ఎండబెడతామో మీ పెదనాన్నను అడుగు బాబూ. పంటంతా మిగిలిన మేత, రెట్ట అడుగున నల్ల బురదగా పేరుకుంటుంది. అది ఎండి గాలి తగిలితేనే కుళ్లు పోతుంది, రోగం తగ్గుతుంది. బీటలు వారేదాకా ఎండనిచ్చి, నల్లమట్టి తీసేసి, దున్ని, సున్నం చల్లి అప్పుడు నీళ్లు పెడతాం. ఆ మధ్యలో నువ్వు కారు తిప్పితే చక్రాల గాళ్లు పడతాయి. గాళ్లలో తేమ నిలుస్తుంది, అక్కడ బురద ఎండదు. తర్వాత నీళ్లు పెట్టినా ఆ గుంటల్లోనే మేత పేరుకుంటుంది. నీళ్లకు గాలి కలిపే ఏరియేటర్ల ప్రవాహం కూడా అక్కడ సరిగా ఊడవదు. వనామి రొయ్యకు అడుగు బాగుంటేనే పంట. మీ సరదా కోసం ఆయన పంట పోకూడదు.

గట్టు మీదికైతే అసలు ఎక్కించొద్దు. గట్టు పగిలితే పక్క గుంత వాళ్లతో గొడవ.

కావలి_కుర్రోడు, 11:36

అన్నా ఇది కార్ల గ్రూపు.

వనామి_రైతు, 11:41

గుంత పేరు ఎత్తింది మీరే కదా అబ్బాయ్.

ఆటోనగర్_26, 12:05

ఆయన చెప్పింది నిజం, నాకు తట్టలేదు. ఇంకొకటి, అది ఉప్పు నీళ్ల నేల. ఆ మట్టి బండి కింద అతుక్కుంటే ఫ్లోరు, సైడ్ మెంబర్లు అనే కింది దూలాలు, బ్రేక్ పైపులు ఏడాదిలో తినేస్తుంది. తిప్పిన ప్రతిసారీ అదే రోజు మంచినీళ్లతో కింద కడగాలి. పాత బండికి మరీ ముఖ్యం.

ఒంగోలు_లా, 12:50

చట్టం కూడా తెలుసుకోండి. ఇలాంటి పాత బండ్లలో చాలావరకు 15 ఏళ్లు దాటినవే. ఆ తర్వాత ఫిట్‌నెస్ చూపించి రిజిస్ట్రేషన్ రెన్యువల్ చేయించుకోవాలి, అది 5 ఏళ్లకే. మోటారు వాహనాల చట్టం 1988లో 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు నిర్దేశించిన దానికి భిన్నంగా బండిని ఇష్టం వచ్చినట్టు మార్చకూడదు. రోడ్డు మీద ప్రమాదకరంగా నడిపితే 184, పందెం పెడితే 189. ఇందుకూరుపేట దాకా ఆ బండిని రోడ్డు మీదే కదా తీసుకుపోవాలి?

చీమకుర్తి_టిప్పర్, 1:15

రెండు వెనక చక్రాలకు పవర్ పంచే డిఫరెన్షియల్‌కు వెల్డింగ్ కొట్టించు. లేకపోతే ఒక చక్రమే తిరుగుద్ది.

ఇరుసు_పిచ్చి, 1:40

మామూలు డిఫరెన్షియల్‌లో బరువు తగ్గిన లోపలి చక్రం తిరిగిపోతుంది, అది నిజం. కానీ వెల్డింగ్ చేస్తే రెండు చక్రాలూ ఎప్పుడూ ఒకే వేగంతో తిరుగుతాయి. తారు మీద ప్రతి మలుపులో టైరు గీసుకుంటుంది, యాక్సిల్ మీద ఒత్తిడి పడుతుంది. వదులు మట్టి మీద ఈ బండి అది లేకుండానే జారుతుంది. నేర్చుకునేవాడికి వద్దు.

అలాగే మట్టి కదా అని టైర్లలో గాలి తగ్గించొద్దు. పక్కకు జారేటప్పుడు టైరు రిమ్ము నుంచి ఊడి వస్తుంది, అప్పుడు రిమ్మే మట్టిలో దిగుతుంది. వెనక కొంచెం ఎక్కువే పెట్టు. తోక జారగానే భయపడి యాక్సిలరేటర్ ఒక్కసారిగా వదలొద్దు, వెనక చక్రాలకు ఒక్కసారిగా పట్టు దొరికి తోక అవతలికి విసురుతుంది. మెల్లగా తగ్గించు, పోవాల్సిన వైపు చూడు, చేతులు అటే తిరుగుతాయి.

ఆటోనగర్_26, 1:58

ముందు బెంచీ సీటున్న బండి అయితే జారేటప్పుడు నువ్వు కూడా తలుపు వైపు జారిపోతావు. రెండు బకెట్ సీట్లు, మంచి బెల్టులు వేయించు. హెల్మెట్ పెట్టుకో. బండి తిరిగేటప్పుడు గట్టు మీద పిల్లలు నిలబడి చూడకుండా ఒక మనిషిని పెట్టు. ఈ నాలుగింటికీ డబ్బు పక్కన పెట్టి మిగిలిన దానిలో బండి చూడు.

మాగుంట_లేఅవుట్, 3:20

ఇంత తంటా ఎందుకు? నెల్లూరు నుంచి చెన్నై మూడు గంటలు. శ్రీపెరుంబుదూరు దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో రేసు ట్రాక్ ఉంది.

పెన్నా_గట్టు, 3:45

ట్రాక్ అంటే భయమన్నా, వెనకొచ్చేవాళ్లకు అడ్డం పడతాను. ముందు ఒక్కడినే నేర్చుకోవాలి.

పెదనాన్నను అడిగాను. గుంతలోకి రావొద్దు అన్నాడు, రైతన్న చెప్పినవే చెప్పాడు. కానీ గుంతల పక్కన రెండెకరాల బీడుంది, చౌడు నేల, ఏమీ పండదు. అక్కడ తిప్పుకో అన్నాడు. నేల గట్టిగానే ఉంటుంది.

వనామి_రైతు, 3:52

చాలా సంతోషం బాబూ.

ఆటోనగర్_26, 4:10

చౌడైనా ఒకసారి గుణపంతో నాలుగు చోట్ల పొడిచి చూడు. పైన గట్టిగా ఉండి కింద తడి ఉంటే అదే కథ. రాళ్లు, తుమ్మ మోడులు ఏరేయ్.

పెన్నా_గట్టు, ఆదివారం ఉదయం 7:30

పొదిలి దగ్గర ఒక 1800 ఐఎస్‌జడ్ ఉందంట, తెల్లది, బకెట్ సీట్లే. ఇప్పుడే బస్సెక్కాను. థ్యాంక్స్ అన్నా అందరికీ.

ఆటోనగర్_26, 7:48

ఆర్సీలో ఇంజన్ నంబరు కలుస్తుందో లేదో చూడు. చాలా వాటిలో తర్వాత డీజిల్ ఇంజన్ దించారు. బానెట్ ఎత్తకుండా అడ్వాన్సు ఇవ్వొద్దు.

ఆటోనగర్_26, ఆదివారం రాత్రి 9:15

చూశావా తమ్ముడూ? క్రౌన్ శబ్దం ఎట్లుంది?

గూడూరు_గేర్, సోమవారం 6:20

నాక్కూడా ఒకటి కావాలి. 118ఎన్ఈ గూడూరు, నాయుడుపేట వైపు ఎవరి దగ్గరైనా ఉందా?